నలభయ్యో అక్షరం

మా ఆఫీసులోకి కొత్తగా ఏ కాగితం వచ్చినా ముందు దేవుడి పటం దగ్గరికి వెళుతుంది. నాలుగు మూలలా పసుపు రాయించుకుని, దాని మీద కుంకుమ బొట్లు పెట్టించుకుని, ఒక పూటంతా పటం ముందు పడుకుని, ఆ తర్వాతే పనిలోకి దిగుతుంది. ప్రింటరు నెత్తిన బొట్టు. ఏసీ రిమోటుకు బొట్టు. ఆఖరికి రేపల్లె ల్యాబులో రొయ్యను నూరే చిన్న రోలుకు కూడా బొట్టే. దేవుడంటే నాకేమీ వ్యతిరేకత లేదు. పని మీద లేని శ్రద్ధంతా పసుపు మీద చూపించేవాళ్ళంటేనే రోత. ఆ రోత ఈ ఏడాది ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్పాలంటే సావిత్రి గారి గురించి చెప్పాలి.

మాది రొయ్యల చెరువులకు పరీక్షలు చేసిపెట్టే కంపెనీ. హెడ్డాఫీసు తెనాలి, ల్యాబు రేపల్లె, బాపట్లలో ఒక చిన్న గది. ఆ గదికి ఇన్‌ఛార్జిని నేను, పేరు రమేష్ బాబు. వారంలో సగం రోజులు రైలెక్కి తెనాలిలోనే ఉంటాను. రైతులు పొద్దున రొయ్యలు తెచ్చిస్తే సాయంత్రం నాలుగింటికల్లా ఫలితం వాళ్ళ ఫోనుకు మెసేజీగా వెళ్ళాలి. తెల్లమచ్చ వ్యాధి ఉందని తేలితే ఆ సాయంత్రమే పట్టుబడి పెట్టుకోవాలి, అంటే ఉన్న రొయ్యలన్నీ పట్టేసి అమ్ముకోవాలి. ఆలస్యమైతే చెరువులో పట్టడానికి ఏమీ మిగలదు. మెసేజీ వెళ్ళడమే మా కంపెనీ బతుకు. ఆ మెసేజీ పంపే మనిషి సావిత్రి గారు.

ఆవిడ తండ్రి సుందరరామయ్య గారు కొలకలూరు హైస్కూల్లో సంస్కృతం చెప్పేవారు. కూతురు బీయస్సీ కాగానే తెనాలిలో బట్టల కొట్టు పైన ఉన్న కంప్యూటరు సెంటర్లో చేర్పించారు. చేరిన మూడో నెలలో పాఠాలు చెప్పే కుర్రాడు ఉద్యోగం దొరికి హైదరాబాదు వెళ్ళిపోయాడట. మిగతా పిల్లలు ఫీజు వెనక్కి ఇమ్మని గొడవ చేస్తుంటే, ఈవిడ మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, డేటాబేసుకు ప్రశ్నలు వేయడం సొంతంగా నేర్చుకున్నారు. ఎస్‌క్యూఎల్ అంటారు దాన్ని. మా కంపెనీ పెట్టిన కొత్తలో ఫలితాలన్నీ బారెడు రిజిస్టర్లలో ఉండేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది ఆవిడే. ఇరవై నాలుగేళ్ళ నుంచీ ఏ చెరువుకు ఏ నెలలో ఏ జబ్బు వచ్చిందో అడిగితే ఆవిడ మెషీను అర నిమిషంలో చెప్పేది. రాసిపెట్టుకున్న ప్రశ్నలే రెండొందల పైన. వాటిని ఒక్కోసారి పెదాలు కదుపుతూ చదువుకునేవారు. మేము నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

పోయినేడు మా మేనేజరు హనుమంతరావు గారికి క్లౌడ్ పిచ్చి పట్టుకుంది. ఆయనది దుగ్గిరాల వైపు పెద్ద వ్యవసాయం చేసిన కుటుంబం. పొలమైనా కంప్యూటరైనా పక్కవాడి దగ్గర ఉన్నది తన దగ్గర లేకపోతే నిద్రపట్టదు. హైదరాబాదు నుంచి మనోజ్ అనే కన్సల్టెంటును పిలిపించారు. ఆ అబ్బాయి సావిత్రి గారి డేటా అంతా మోసుకెళ్ళి ఎక్కడో పెట్టాడు. ఆవిడ ప్రోగ్రాములు పాతవైపోయాయని తీసేశాడు. రోజువారీ మెసేజీలు పంపడానికి నాలుగు బటన్లున్న తెర ఒకటి ఆవిడకిచ్చాడు. నొక్కితే వెళుతుంది. వెళ్ళిందో లేదో వెనక్కి చూసుకునే దారి మాత్రం ఆవిడకు లేదు. ఆ దారి మనోజ్ లాగిన్‌కే ఉంది.

పోలాల అమావాస్య నాడు నిజాంపట్నం దగ్గర రాఘవమ్మ గారి చెరువుల రొయ్యలు పరీక్షకు వచ్చాయి. తెల్లమచ్చ ఉందని తేలింది. మెసేజీ మాత్రం ఆవిడకు అందలేదు. మూడో రోజుకల్లా రెండు చెరువులూ పోయాయి. నేను వెళ్ళి చూశాను. గట్టు మీద నిలబడలేకపోయాను. ఎర్రబారిన రొయ్యలు ఒడ్డంతా మేటవేసి కుళ్ళిపోతున్నాయి. ఆ కంపు చొక్కాకి పట్టి రెండు ఉతుకులకు కూడా పోలేదు. రాఘవమ్మ గారు నన్ను ఒక్క మాట అనకుండా ఇంటికి తీసుకెళ్ళి గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, "ఎందుకు చెప్పలేదు బాబూ?" అని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. "పంపాల్సింది హెడ్డాఫీసులో సావిత్రి గారండి. ఆ రోజు ఇంట్లో పూజ చేసుకుని ఆలస్యంగా వచ్చారట. ఆ హడావిడిలో మరిచిపోయుంటారు" అన్నాను. ఆవిడ గంట ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. అబద్ధమైతే ఆడలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

రాఘవమ్మ గారు హెడ్డాఫీసుకు ఫోను చేసి ఆ మాటే అన్నారట. శుక్రవారం సాయంత్రం హనుమంతరావు గారు సావిత్రి గారిని పిలిచారు. ఆ గదిలో నేనూ ఉన్నాను.

"చూడమ్మా, ఆడవాళ్ళు పూజలు చేసుకోవాలి, కాదనను. కానీ ఇక్కడ రైతు కొంప మునిగింది."

"నేను పంపానండి. నాలుగింటికి ముందే నొక్కాను. రాఘవమ్మ గారి పేరు చూసి ఫోను కూడా చేద్దామనుకున్నాను. మెసేజీ వెళుతుందిలే అనుకుని ఊరుకున్నాను. అదొక్కటే నా తప్పు."

"నువ్వు పంపానంటావు, ఆవిడ రాలేదంటుంది. రుజువేది? బుధవారం రాఘవమ్మ గారు వస్తున్నారు. ఆ లోపల రుజువు చూపించు. లేదంటే రాజీనామా కాగితం నువ్వే ఇచ్చెయ్యి, మర్యాదగా ఉంటుంది."

ఇరవై నాలుగేళ్ళు పనిచేసిన మనిషికి ఇచ్చిన గడువు నాలుగు రోజులు. అందులో ఒకటి ఆదివారం. పూజ చేసుకుని కొంప ముంచిన మనిషిగా తెనాలిలో ఆవిడ పేరు మిగిలిపోతుంది. అది చెప్పింది ఎవరు? కంప్యూటరు మౌసుకు కూడా బొట్టు పెట్టే పెద్దమనిషి.

సావిత్రి గారు ఏడవలేదు. మనోజ్‌కు ఫోను చేసి ఆ రోజు రికార్డు చూసి చెప్పమని అడిగారు. దరఖాస్తు పెట్టండి మేడం, వారం పడుతుంది అన్నాడు. అయితే నా కంప్యూటర్లో ఉన్న పాత సాఫ్ట్‌వేరు నుంచి నేనే చూసుకుంటాను, దాన్ని క్లౌడుకు కలుపుకునే తాళం ఇవ్వండి అన్నారు. చూడటానికే తప్ప మార్చడానికి వీలులేని తాళం ఒకటి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. తాళమంటే రెండు వరుసల అక్షరాలు. మొదటిది పేరు, రెండోది రహస్యం. ఫోన్లో పంపితే భద్రత ఉండదని హనుమంతరావు గారి ప్రింటరుకు పంపాడు. అదీ ఎలాగంటే, పెద్దావిడకు కళ్ళు ఆనవేమోనని చిన్న చీటీ మీద రెండో వరుస అంచుకు తగిలేటంత లావు అక్షరాలతో. యాభై రెండేళ్ళ మనిషి పెద్దావిడట! ఆ చీటీ సంప్రదాయం ప్రకారం ఒక పూట పటం ముందు పడుకుని, శనివారం మధ్యాహ్నం ఆవిడ చేతికి వచ్చింది. ఆవిడేమీ పాడుచేయకుండా పక్కన కూర్చుని చూడమని నన్ను కాపలా పెట్టారు.

అక్కడి నుంచి మొదలైంది నరకం. ఆవిడ పాత సాఫ్ట్‌వేరుకు క్లౌడ్ భాష రాదు. మధ్యలో దుబాసీ లాంటి డ్రైవరు ఫైలు ఒకటి కావాలి. మా ఆఫీసు నెట్‌లో అది దిగదు, క్రికెట్ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. ఆవిడ ఆదివారం ఇంట్లో దింపుకుని సోమవారం పెన్‌డ్రైవులో తెచ్చారు. పెట్టారు. ఏ ఊరి సర్వరు అని అడిగింది. మనోజ్ హైదరాబాదువాడు కాబట్టి హైదరాబాదు అని ఇచ్చారు. తలుపే లేదంది. ముంబై అని మార్చాక కొంచెం కదిలింది. జవాబులు ఏ ఫోల్డర్లో రాసిపెట్టాలో చెబితే తప్ప మొదలుపెట్టనంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి కూడా ముందు చోటు చూపించాలట! ఆ ఫోల్డరు పేరు కోసం మనోజ్‌కు ఆరు ఫోన్లు. ఏడోసారి ఎత్తి, అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్న వాడిలా విసుక్కుంటూ చెప్పాడు.

సోమవారం మూడింటికి అన్నీ నింపి ఆవిడ బటను నొక్కారు. ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. మీ సంతకం సరిపోలడం లేదు అని దాని సారాంశం.

"ఏంటండీ, సంతకమేంటి? మనం ఎక్కడ పెట్టాం?" అన్నాను.

"రహస్యం లైనుతో అది లోపల సంతకం చేస్తుందండి. పేరు సరిగానే ఉంది, పేరు తప్పయితే వేరే మాట వస్తుంది. రెండో లైనులోనే ఏదో తేడా."

మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే. పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ, సున్నా, ఓ, ఒకటి, ఎల్ అన్నీ మార్చి చూశారు. నేను చదివితే ఆవిడ కొట్టారు. ఆవిడ చదివితే నేను కొట్టాను. ఎన్నిసార్లు కొట్టినా ఆ ఎర్ర వాక్యమే మొహం మీద ఉమ్మినట్టు వచ్చి పడేది. మనోజ్‌ను కొత్త తాళం ఇమ్మని అడిగితే, "పాతది మళ్ళీ చూపించదు మేడం, పుట్టినప్పుడు ఒక్కసారే కనిపిస్తుంది. కొత్తది చేయాలంటే సార్ ఒప్పుకుంటూ మెయిల్ పెట్టాలి" అన్నాడు. మంగళవారం పొద్దున్నే ఆవిడ హనుమంతరావు గారి గదికి వెళ్ళారు. వెనకే నేను.

"మంగళవారం పూట కొత్త తాళం పుట్టించమంటావా అమ్మా? గురువారం చూద్దాంలే" అన్నారాయన.

"మీటింగు బుధవారమండీ."

"అది నీ అదృష్టం."

ఆ నవ్వు మొహం మీద చెప్పు విసరాలనిపించింది. విసరలేదు. నెలనెలా జీతం తీసుకునే చెయ్యి, అది లేవదు. సావిత్రి గారు తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, చీటీని కీబోర్డు మీద పెట్టి, పెన్సిలు మొనతో ఒక్కో అక్షరం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాకు విసుగెత్తిపోయింది. "ఎన్నిసార్లు చూసినా అవే కదండీ" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

"ముప్పై తొమ్మిది" అన్నారు.

"అయితే?"

"ఈ రహస్యం నలభై అక్షరాలు ఉండాలండి. డ్రైవరుతో వచ్చిన పుస్తకంలో రాత్రి చదివాను."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. చీటీని ఎండకు అడ్డంగా పట్టుకున్నారు. మిగతా మూడు మూలల్లోనూ బొట్టు కింద ఖాళీ కాగితమే. కింద కుడి మూల పసుపు, దాని మీద మందంగా కుంకుమ బొట్టు. ఆ బొట్టు కింద నల్లగా ఏదో గీత. ఆవిడ గోటితో కుంకుమ గీకారు, చీర కొంగుతో పసుపు తుడిచారు. ఇంగ్లీషు కె అక్షరం బయటపడింది. మూడు రోజులుగా ఒక మనిషి బతుకును తలుపు బయట నిలబెట్టింది ఆ బొట్టు! మామూలు అక్షరాలతో ప్రింటు తీసి ఉంటే మూలదాకా వచ్చేదే కాదు. ఒకడి జాలి, ఇంకొకడి భక్తి కలిసి చేసిన పని అది. నేను గట్టిగా తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాయలేను. సావిత్రి గారు మాత్రం ఆ కుంకుమ అంటిన వేలితోనే కె నొక్కారు.

ఆకుపచ్చ గుర్తు వచ్చింది. కలిసింది.

ఎడమ పక్కన ఆవిడ పట్టికల పేర్లన్నీ వరసగా దిగాయి. ఇరవై నాలుగేళ్ళ పని. ఆవిడ వాటిని చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ప్రశ్న రాయడం మొదలుపెట్టారు. పెదాలు కదులుతున్నాయి. ఈసారి నాకు నవ్వు రాలేదు. అమావాస్య తేదీ, రాఘవమ్మ గారి పేరు, వెళ్ళాల్సిన మెసేజీ. నొక్కారు.

ఒకే ఒక్క వరుస వచ్చింది. అయిదు కాలమ్స్. రైతు, రాఘవమ్మ. ఫలితం, తెల్లమచ్చ ఉంది. సావిత్రి గారు పంపిన సమయం, మూడు గంటల యాభై రెండు నిమిషాలు. మెసేజీ స్థితి, ఆపబడింది. అయిదోది, ఆపినవారు. దాని కింద నా పేరు.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ చదివాను. రమేష్ బాబు. బాపట్ల. అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ క్రితం హనుమంతరావు గారు నన్ను పిలిచి, "ఏమయ్యా రమేషూ, అమావాస్య పూట రైతుకు చెడు కబురు చెప్పకూడదయ్యా. ఆ రోజు చెడ్డ ఫలితాలు ఆపి మర్నాడు పంపేలా పెట్టు" అన్నారు. నేను మనసులో తిట్టుకుంటూనే నా లాగిన్‌తో ఆ రూలు పెట్టేశాను. పెట్టి మరిచిపోయాను. నాకు నమ్మకం లేని పనిని, తప్పని తెలిసిన పనిని, నోరు మెదపకుండా చేసి టీ తాగడానికి వెళ్ళిపోయి ఉంటాను.

"ఆపినవి మర్నాడు పొద్దున ఆరింటికి నా పాత ప్రోగ్రాం పంపేదండి" అన్నారు సావిత్రి గారు మెల్లగా. "మర్నాటికైనా వెళ్ళాలని నేనే రాశాను. క్లౌడుకు మార్చినప్పుడు అది తీసేశారు. మీ రూలు మాత్రం అలాగే ఉండిపోయినట్టుంది. ఆ తర్వాత అమావాస్య నాడు చెడ్డ ఫలితం రావడం ఇదే మొదటిసారి."

ఆవిడ గొంతులో నింద లేదు. అదే నాకు భరించరానిదైంది. అప్పుడు నేనేం చేశానో చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. గది తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి అడిగాను.

"ఆ అయిదో కాలమ్ అవసరమంటారా?"

ఆవిడ తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "నాకు కావలసింది నాలుగోదాకానే ఉందండి" అన్నారు. నా ప్రాణం లేచివచ్చింది. "కానీ వచ్చిన జవాబును కోసి చూపించడం నాకు చేతకాదు. అయిదూ ప్రింటు తీస్తాను. రేపు మీటింగులో చదివేది మీరేనట కదా. ఎంతవరకు చదువుతారో మీ ఇష్టం."

బుధవారం పదిన్నరకు మీటింగు. పన్నెండింటికి రాహుకాలం కాబట్టి ఈలోపే ముగించాలని హనుమంతరావు గారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఎదురుగా రాఘవమ్మ గారు, నేత చీరలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. కిటికీ పక్కన సావిత్రి గారు. "పక్కన కూర్చుని చూశావుగా, నువ్వే చదివి చెప్పు" అన్నారాయన. నేను నిలబడి చదివాను. రైతు పేరు. ఫలితం. పంపిన సమయం. ఆపబడింది. అక్కడ ఆగి కాగితం మడిచాను.

"అంటే సావిత్రమ్మ పంపింది. పాపం, అనవసరంగా అన్నాం" అన్నారు హనుమంతరావు గారు, ఆ మాటలన్నది ఇంకెవరో అయినట్టు. "ఆగింది క్లౌడులో అన్నమాట. ఆ మనోజ్‌ను పిలిచి నాలుగు తగిలిస్తాను. సరే, టీ చెప్పండి."

అయిపోయిందనుకున్నాను. సావిత్రి గారి పేరు నిలబడింది, నా పేరు బయటికి రాలేదు. రాఘవమ్మ గారు మాత్రం కదల్లేదు.

"ఆగింది అంటే దానంతటదే ఆగదు కదా" అన్నారు. "ఆపిందెవరు బాబూ?"

సావిత్రి గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆవిడ చెబితే ఒక్క ముక్కలో పోయేది. చెప్పలేదు. మడిచిన కాగితం నా చేతిలో చెమటకు మెత్తబడింది. ఇంకోసారి అడిగించుకునే ధైర్యం నాకు లేకపోయింది.

"నేనేనండి" అన్నాను.

"ఏమయ్యా రమేషూ! ఇదేం పని?" అని ఎగిరిపడ్డారు హనుమంతరావు గారు. ఆ రూలు పెట్టమన్నది తానేనన్న జ్ఞాపకం ఆయన మొహంలో వెతికినా లేదు. మీరు చెప్పబట్టే కదండీ అనడానికి నోరు తెరిచాను. కానీ రాఘవమ్మ గారు ఆయన వైపు చూడటం లేదు, నా వైపే చూస్తున్నారు.

"నువ్వా?" అన్నారు. గొంతు పెంచలేదు. "మరి మా ఇంటికొచ్చి, మా మజ్జిగ తాగి, పూజ చేసుకుని మరిచిపోయిందని ఈ అమ్మ మీద చెప్పావేంటి?"

అప్పుడు సావిత్రి గారు కిటికీ మీద నుంచి చూపు తిప్పారు. ఆ మాట ఎవరి దగ్గర పుట్టిందో ఆవిడకు అప్పటిదాకా తెలియదు. మూడు రోజులు పక్కపక్కనే కూర్చున్నాం, ఒకే చీటీ మీద తలలు పెట్టి అక్షరాలు చదువుకున్నాం. పసుపు రాసినవాడిని, జాలిపడ్డవాడిని, గడువు పెట్టినవాడిని, అందరినీ ఆవిడ ముందు అసహ్యించుకున్నాను. ఆవిడ నా మొహంలోకి ఒక్కసారి చూశారు. ఆ చూపు తర్వాత నన్ను నేను అసహ్యించుకోవడానికి ఇంకెవరి సాయమూ అక్కర్లేకపోయింది.

ఆవిడ లేచి వచ్చి నా చేతిలో కాగితం తీసుకున్నారు. బల్ల మీద పెట్టి, మడత విప్పి, అరచేత్తో సాపు చేశారు. "ఇది మీరు ఉంచుకోండమ్మా" అని రాఘవమ్మ గారికి ఇచ్చి, తన మెషీను దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మెసేజీలు నాలుగింటికి ముందే వెళ్ళాయి.